ఎర్ర దారం

చేపల కంపు కొట్టే వైద్యగ్రంథాన్ని మీరెప్పుడైనా చూశారా? ఇందుమతి ప్రయోగశాలకు వచ్చేవన్నీ అలాంటివే. సముద్రం మీద కంటెయినర్లలో ఉడికి, ఉప్పునీళ్ళు తాగి, చెదలకు తిండి పెట్టి, కాకినాడ రేవులో దిగేసరికి ఒక్కో పుస్తకం ఇటుకలా బిగుసుకుపోయి ఉండేది. అట్ట తెరవబోతే లోపలి పుటలు పొట్టులా చేతిలోకి రాలేవి.

అప్పటికి పెద్ద దేశాల విశ్వవిద్యాలయాలు కాగితాన్ని పూర్తిగా వదిలేశాయి. చదువంతా తెరల మీదికెక్కి తాళాలు వేసుకుంది. ఆ తాళాలు తీయించుకునే తాహతు మన జిల్లా కాలేజీలకు ఎక్కడిది? ఫోనులో ఏ పుస్తకం కోసం వెతికినా పేరు కనిపించేది, పక్కన తాళం బొమ్మ కనిపించేది, అంతే. తమకు అక్కర్లేని పాత కాగితాన్ని మాత్రం వాళ్ళు దానం పేరు పెట్టి ఓడలకెత్తించేవారు. చెత్త పారేసే శ్రమ తప్పించుకోవడానికి దానం అనే మాట ఎంత అందంగా పనికొస్తుందో చూడండి. మనవాళ్ళు ఆ కంటెయినర్లకు కొబ్బరికాయ కొట్టి, దండలు వేసి మరీ దింపుకున్నారు.

తీరాంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఇందుమతి రేవు పక్కన ఒక పాత గోడౌను అడిగి తీసుకుని, ఆ ఇటుకల్ని విప్పకుండానే చదివే యంత్రాన్ని తయారుచేసింది. పూరణి అని పేరు పెట్టింది. పుస్తకాన్ని మూసింది మూసినట్టే ఉక్కు తొట్టిలో పడుకోబెడితే చాలు. లోపలి కిరణాలు పుట పుటనూ తడిమి, సిరా మిగిలిన ప్రతిచోటూ గుర్తుపట్టి, అవతలి వైపు కొత్త కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేవి. సిరా కొట్టుకుపోయిన చోట, చెదలు తిన్న చోట, యంత్రం ఆలోచించేది. హాలు చుట్టూ అరల్లో ఉన్న పుస్తకాలన్నీ దానికి ముందే చదివించి పెట్టారు. వాటిలో వెతికి, ఆ ఖాళీలో ఏముండి ఉంటుందో ఊహించి పూరించేది. దాని గొప్పా అదే, దాని ముప్పూ అదే.

మొదటి పుస్తకం అచ్చయి బయటికొచ్చిన రోజున వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా వచ్చి చూశారు. నల్లటి వరుసల మధ్య అక్కడక్కడా ఎర్రటి వాక్యాలు కనిపిస్తే ఆయన ముఖం చిట్లించి, ఇదేమిటమ్మా పరీక్ష పేపరు దిద్దినట్టుంది అన్నారు. ఆ ఎరుపు యంత్రం ఊహించినదనీ, నలుపు మాత్రమే అసలు పుస్తకంలో ఉన్నదనీ ఇందుమతి చెప్పింది. ఆ ఉపాయం ఆమెకు పెద్ద చదువుల్లో దొరకలేదు, నాన్న దగ్గర దొరికింది. సముద్రం మీద బతికిన మనిషి ఆయన. చిరిగిన వలను ఎప్పుడు అల్లినా ఎర్ర దారంతోనే అల్లేవాడు. తెల్ల దారం లేక కాదు. నడిసముద్రంలో బరువు పడ్డప్పుడు వల ఎక్కడ తెగొచ్చో కంటికి తెలియాలని. అతుకు దాచేవాడు తోటివాణ్ణి ముంచుతాడని తిడుతూ ఉండేవాడు.

ఆ ఉపాయం బాగానే ఉంది. కానీ మన ఊళ్ళలో చదువు ఎలా సాగుతుందో ఇందుమతికి తెలియదా? కాలేజీకొక్క పుస్తకం వెళ్ళేది. గేటు బయట జిరాక్సు షాపుండేది. సాయంత్రానికల్లా తరగతి మొత్తం చేతుల్లో స్పైరల్ కట్టలుండేవి. జిరాక్సు మిషనుకు ఎరుపూ నలుపూ ఒకటే, అన్నీ నల్లగానే వచ్చేవి. ఎర్రక్షరాలు ఊహ మాత్రమే అని ప్రతి పుస్తకం మొదటి పుటలోనూ ఆమె అచ్చు వేయించింది. మొదటి పుట ఎవడు జిరాక్సు తీస్తాడు? ఆమె కూడా అలాంటి కట్టల మీద చదివి పైకొచ్చిన మనిషే. తెలియక కాదు, ఏం చేయాలో తోచక ఊరుకుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. కాలేజీ వదిలి వెళ్ళే రోజున ఆఖరి ఏడాది పిల్లలు తమ జిరాక్సు కట్టలకు పసుపు రాసి, గోడౌనుకు తెచ్చి అప్పజెప్పి, దండం పెట్టుకుని వెళ్ళేవారు. చదువు రుణం తీర్చుకోవడమని వాళ్ళే మొదలుపెట్టిన ఆనవాయితీ అది. వద్దనడానికి ఇందుమతికి నోరు రాలేదు. తుపాను దెబ్బకు గోడౌను కప్పు లేచిపోయి, అరల్లో పుస్తకాలు సగం పాడయ్యాక, ఖాళీ అరలు చూసి చూసి ఆ కట్టల్ని వాటిలో సర్దించింది. పూరణికి వాటిని కూడా చదివించింది. ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా అనుకుంది.

ఆమె తమ్ముడు నూకరాజు ఆ కట్టల మీదే డాక్టరయ్యాడు. తల్లి పోయినప్పుడు వాడు మరీ చిన్నవాడు. ఇందుమతే ఒక చేత్తో చదువుకుంటూ ఒక చేత్తో వాణ్ణి పెంచింది. వాళ్ళ జాలరిపేటలో మెడలో స్టెతస్కోపు వేసుకున్న మొదటివాడు వాడే. మడ అడవుల అంచున మడలంక అనే ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి డాక్టరుగా వెళ్ళేటప్పుడు, జిరాక్సు చూసి మందివ్వకు, అనుమానం వస్తే నా దగ్గరికొచ్చి అచ్చు పుస్తకం చూడు, ఎరుపైతే నమ్మకు, నలుపైతే నమ్ము అని చెప్పి పంపింది. వాడు అక్కమాట జవదాటని మనిషి. అదే వాడి కొంప ముంచింది.

తుపాను తర్వాత మడల్లోంచి కొత్త జ్వరం లేచింది. ఎక్కడో పరాయి దేశాల చిత్తడి నేలల్లో ఉండే జ్వరం అది, మన వైపు అంతకుముందు లేదు. ఒళ్ళు పేలిపోయేది, కళ్ళు ఎర్రబడేవి, చూస్తుండగానే మనిషి తోటకూర కాడలా వాలిపోయేవాడు. దానికి మందుంది. కానీ ఎంత ఇవ్వాలో ఎవరికి తెలుసు? పెట్టె మీద వేరే జబ్బుల సంగతీ పెద్దవాళ్ళ సంగతీ ఉన్నాయి తప్ప ఈ జ్వరం మాట గానీ పిల్లల మాట గానీ లేదు. ఆ జ్వరం గురించి రాసిన పుస్తకం ఈ చుట్టుపక్కల ఒకటే ఉంది. అది ఇందుమతి గోడౌనులో ఉంది.

నూకరాజు ఒక మధ్యాహ్నం పడవ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. ఇందుమతి తొట్టిలోకి వంగి ఏదో బిగిస్తోంది. వాడు అరలోంచి పుస్తకం తీసి, నిలబడే చదివాడు.

"అక్కా, పిల్లలకి పెద్దవాళ్ళలో సగం ఇమ్మంటోందే. కాస్త ఎక్కువేమో అనిపిస్తోంది."

"ఎరుపా, నలుపా?"

"నలుపే."

"మరింకేంట్రా, నమ్ము," అంది ఇందుమతి, తల తొట్టిలోంచి ఎత్తకుండానే.

వాడు పుస్తకాన్ని యథాస్థానంలో పెట్టి, అక్క తెచ్చుకున్న టిఫిను డబ్బాలోంచి ఒక గారె తీసుకుని తింటూ వెళ్ళిపోయాడు.

మడలంకలో పడవ నడుపుకునే యాకోబు కూతురు దీవెన. బడిలో అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల. జ్వరమని తెస్తే నూకరాజు సగం మోతాదు ఎక్కించాడు. ఎక్కించడం పూర్తవుతుండగానే పిల్ల పెదాలు నీలంగా మారాయి. వాడు గుండె మీద అదిమీ అదిమీ, నోట్లో ఊపిరి ఊదీ ఊదీ, ఎంత పెనుగులాడినా లాభం లేకపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి మరియమ్మ లోపలికొచ్చి కూతుర్ని చూసింది, డాక్టర్ని చూసింది. జ్వరంతో వచ్చిన పిల్ల సూదితో పోయిందని ఊళ్ళో ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఊరు లేచింది. ఆరోగ్య కేంద్రం అద్దాలు పగిలాయి. నూకరాజును పోలీసులు తీసుకెళ్ళకపోతే అక్కడే చంపేసేవాళ్ళేమో. కేసు పెట్టారు, రిమాండుకు పంపారు. జాలరోడికి డాక్టరు చదువెందుకు అన్న మాట కూడా పట్నంలో కొందరి నోట వినిపించింది.

జైలు కిటికీ దగ్గర వాడు గడ్డం పెరిగిపోయి, పదేళ్ళు పెద్దవాడిలా కనిపించాడు. జిరాక్సు చూసే ఇచ్చుంటావు కదరా, నేనెన్నిసార్లు చెప్పాను అని ఆమె ఏడుస్తూ కోప్పడింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నీ దగ్గరికొచ్చే చూశాను కదే అక్కా. నల్లగానే ఉంది. నిన్నడిగే వెళ్ళాను."

అక్కడినుంచి గోడౌనుకు ఎలా వచ్చిందో ఇందుమతికే తెలియదు. పుస్తకం తీసి చూసింది. వాక్యం నల్లగా, నిక్షేపంగా ఉంది. అచ్చు తప్పేమో అనుకుంది, కాదు. అసలు పుస్తకంలో ఉన్నదే యంత్రం చదివిందేమో అనుకుని, గిడ్డంగి మూల పడేసిన ఆ ఇటుకను వెతికి మళ్ళీ తొట్టిలో పెట్టి, ఆ పుట ఒక్కటీ చూసింది. సరిగ్గా ఆ వాక్యం ఉన్నచోట చెదలు తిన్న బొక్క ఉంది. సిరా చుక్క కూడా లేదు.

అక్కడ అసలేమీ లేదు. మరి నలుపు ఎక్కడిది?

అప్పుడామె చూపు అరల మీదికి, పసుపు రాసిన కట్టల మీదికి వెళ్ళింది. ఒక్కొక్కటే కిందికి లాగి తిరగేసింది. ఒకదానిలో ఆ వాక్యం ఉంది, నల్లగా. ఇంకోదానిలోనూ ఉంది. ఏళ్ళ తరబడి వదిలి వెళ్ళిన ప్రతి తరగతి కట్టలోనూ ఉంది. నేల మీద కూర్చుని ఆలోచిస్తే అంతా తేటతెల్లమైంది. ఈ పుస్తకం మొదటిసారి అచ్చయినప్పుడు పూరణి ఆ ఖాళీని ఎర్రగానే పూరించింది. పిల్లలు జిరాక్సు తీశారు, ఎరుపు నలుపైంది. వెళ్ళిపోతూ ఆ కట్టలు తెచ్చి ఇచ్చారు, తనే అరల్లో సర్దింది. జిరాక్సు అద్దం మీద నలిగీ నలిగీ మొదటి అచ్చు పుటలు ఊడిపోతే రెండోసారి అచ్చు వేసింది. ఈసారి యంత్రం ఖాళీని పూరించడానికి అరల్లో వెతికితే, అన్ని కట్టల్లో ఒకే వాక్యం నల్లగా దొరికింది. ఇందరు చెబుతున్నప్పుడు ఇది ఊహ ఎలా అవుతుందనుకుంది. నల్లగా అచ్చు వేసింది. తన ఊహకు తనే సాక్షులను తయారుచేసుకుంది.

పాత గోనెసంచిలో మొదటి అచ్చు పుటలు ఇంకా ఉన్నాయి. ఆ వాక్యం వాటిలో ఎర్రగా ఉంది, నాన్న వేసిన అతుకులా.

వైస్ ఛాన్సలర్ గారు చెడ్డమనిషేం కాదు. ఆమె చెప్పిందంతా విన్నారు. తర్వాత మెల్లగా, ఆ గోనెసంచి తగలబెట్టమన్నారు. ఒక డాక్టరు పొరపాటు ఒక మనిషితో పోతుందనీ, యంత్రం తప్పని తేలితే ఈ రాష్ట్రంలో పిల్లల చేతుల్లో ఉన్న ప్రతి పుస్తకమూ చచ్చిన కాగితమే అవుతుందనీ అన్నారు. వాళ్ళకు ఇంకో పుస్తకం ఎక్కడినుంచి తెచ్చిస్తావని అడిగారు. మీ తమ్ముడికి మంచి లాయరును పెడతాం, తక్కువ శిక్షతో బయటపడతాడు అని కూడా అన్నారు.

ఆమె ఇంటికెళ్ళి రెండు పూటలు అన్నం ముట్టలేదు. తమ్ముడి ముఖం కళ్ళముందు మెదిలేది, ఆ వెంటనే గేటు బయట జిరాక్సు కోసం వరుసలో నిలబడ్డ పిల్లల ముఖాలు మెదిలేవి. వాళ్ళలో ఎందరు జాలరి పిల్లలో, ఎందరు కూలివాళ్ళ పిల్లలో ఆమెకు తెలుసు. కానీ ఇంకొకటి కూడా తెలుసు. ఆ వాక్యం ఈపాటికి ఎన్ని ఊళ్ళలో ఎన్ని బల్లల మీద నల్లగా పడుందో! తను నోరు మూసుకుంటే ఇంకో దీవెన పోతుంది, ఇంకో నూకరాజు జైలుకు పోతాడు. గోనెసంచి భుజాన వేసుకుని కోర్టుకు వెళ్ళింది.

ఆమె చెప్పిందంతా జడ్జిగారు ఓపిగ్గా విన్నారు. యంత్రం ఊహించింది తప్పని ఎలా తెలుసు, అసలు పుస్తకంలో ఏముందో చూడాలి కదా అన్నారు. న్యాయమైన మాటే. తాళం వేసుకున్న విదేశీ ప్రచురణ సంస్థకు ఉత్తర్వు వెళ్ళింది. వాళ్ళ వకీలు తెర మీద ప్రత్యక్షమై షరతులు చదివాడు. అడిగిన పుట ఒక్కటే తెరుస్తారట. అదీ కాసేపే. ఫోనులు బయట పెట్టాలట. ఫొటో తీయకూడదు, రాసుకోకూడదట. జడ్జిగారు అంగీకరించారు, బంట్రోతు అందరి ఫోనులూ తీసుకెళ్ళి బయట బల్ల మీద పెట్టాడు.

తాళం తెరుచుకుంది. ఇన్నేళ్ళూ చెదల బొక్క ఉన్నచోట అసలు వాక్యం కోర్టు గోడ మీద పెద్ద అక్షరాలతో వెలిగింది. పిల్లలకు పెద్దవాళ్ళ మోతాదులో పదోవంతు, అదీ చుక్క చుక్కగా. అంతే. ఒక వరుస కూడా నిండలేదు. బోనులో నూకరాజు పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. వెనక వరుసలో యాకోబు, పక్కనున్న గుమాస్తాను అడిగి అర్థం చెప్పించుకుని, ఆ మాటను మళ్ళీ మళ్ళీ గొణుక్కున్నాడు. తర్వాత తెర నల్లబడింది, తాళం బొమ్మ మళ్ళీ వచ్చింది.

నూకరాజును వదిలేశారు. పూరణికి సీలు వేశారు. దాని అచ్చులో వచ్చిన ఏ పుస్తకాన్నీ నమ్మరాదని ప్రభుత్వం ఆదేశమిస్తే, కాలేజీలు వాటిని గదుల్లో పెట్టి తాళాలు వేసుకున్నాయి. అవతల ఒక తాళం, ఇవతల ఒక తాళం, మధ్యలో పిల్లలు. కొందరు గోడౌను ముందుకొచ్చి, తప్పులున్నా ఫరవాలేదు మేడమ్, మా పుస్తకాలు మాకిచ్చేయండి అని బతిమాలారు. తప్పేదో ఒప్పేదో తనకే తెలియదని వాళ్ళకు చెప్పడం ఇందుమతికి కోర్టులో చెప్పినదానికన్నా కష్టమైంది.

ఉద్యోగం పోయాక ఆమె మడలంక వెళ్ళి తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. వాణ్ణి తిరిగి ఆ ఊరికి పిలిచింది ఎవరనుకున్నారు? యాకోబే. మళ్ళీ వానలు పడి జ్వరం లేచినప్పుడు, పడవ వేసుకుని జాలరిపేటకు వచ్చి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. తప్పు నీది కాదని అతనేం అనలేదు. క్షమించాననీ అనలేదు.

"ఆ పదోవంతు మాట మీకొక్కరికే సరిగ్గా తెలుసు బాబూ. పిల్లలు పడిపోతన్నారు, రండి," అన్నాడు.

ఆ ఏడు మడలంకలో ఆ జ్వరంతో ఒక్క బిడ్డ కూడా పోలేదు. పదోవంతు, చుక్క చుక్కగా. ఊళ్ళో దానికి దీవెన మోతాదు అని పేరు పడింది. నూకరాజు మందు ఎక్కించబోయే ముందు తల్లులే అడిగేవారు, దీవెన మోతాదే కదా బాబూ అని. ఆ పేరు విన్నప్పుడల్లా మరియమ్మ గిన్నెలు కడిగే వంక పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. మొత్తం ఆ ఊళ్ళో, ఆ జిల్లాలో, నిజమని గుండెల మీద చేయి వేసుకుని చెప్పగలిగిన వాక్యం అదొక్కటే. ప్రాణం పెట్టి దాన్ని కొన్నది ఆ పిల్ల.

వానలు తగ్గుముఖం పట్టాక, ఒక సాయంత్రం మరియమ్మే పక్కింటి బిడ్డను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వెనకే వాడి తల్లి. నూకరాజు బిడ్డను చాప మీద పడుకోబెట్టి చూశాడు. ఒంట్లో జ్వరం అంతగా లేదు. మెడ కొయ్యలా బిగుసుకుంది, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. దీవెనకు వచ్చింది కాదిది. దాని చుట్టమేదో.

ఇందుమతి తెచ్చుకున్న గోనెసంచిలోని మొదటి అచ్చు పుటలు పెట్టె అడుగున ఉన్నాయి. వాడు వాటిని తీసి, కోర్టులో తెరిచిన పుట దాటి, దాని పక్క పుట దగ్గర ఆగాడు. జబ్బు పేరుంది, లక్షణాలన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. మందు పేరుంది. ఎంత ఇవ్వాలో చెప్పే వరుస మొదలు నుంచి చివరి దాకా ఎర్రగా ఉంది.

పట్నం పెద్దాసుపత్రికి ఫోను చేస్తే, ఆ జబ్బు తామెప్పుడూ చూడలేదు, తీసుకురండి చూద్దాం అన్నారు. వాళ్ళ దగ్గర మాత్రం ఏ పుస్తకముంది? యాకోబు పడవ తీయడానికి పరిగెత్తాడు. ఎంత తోలినా రేవు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. బిడ్డ అంతసేపు ఆగేలా లేడు.

"కోర్టు గోడ మీద ఏసి సూపించారు గదండి, ఆళ్ళనే అడగండి బాబూ," అంది మరియమ్మ. "పక్క పేజీయే గదా. అదీ ఓసారి తెరవమనండి."

ఇందుమతి తమ్ముడి చేతిలోని పుటను చూస్తూ ఉండిపోయింది. ఆ ఎర్ర వరుస పూరించింది తన యంత్రం. అది ఒప్పే కావచ్చు. పూరణి ఊహల్లో చాలావరకు ఒప్పులే. నమ్మురా అని ఒకసారి తల ఎత్తకుండా అనేసింది. ఇప్పుడు తల ఎత్తి వాడి కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనడానికి నోరు పెగల్లేదు.

నూకరాజు సిరంజీలోకి మందు ఎక్కించాడు. వేలితో తట్టి గాలి తీశాడు. గీతలున్న వైపు వెలుతురుకు తిప్పి పట్టుకుని, ఏ గీత దగ్గర ఆపాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"ఆ పేజీ తెరిపించాలంటే మళ్ళీ కోర్టుకెక్కాలి మరియమ్మా," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "కోర్టుకెక్కాలంటే, ముందు వీడు నా చేతిలో పోవాలి కదే అక్కా?"

చాప మీద బిడ్డ, తల్లి కొంగు పట్టుకుని, నీళ్ళు అడిగాడు.